లాంచీ ఎక్కే ముందు

కార్తీకమాసం వస్తే చాలు, మన పల్నాడు పల్లెల్లో ఆడవాళ్ల నోట ఒకటే మాట. "ఈ ఏడు ఎటు పోదాం?" కోటప్పకొండ చూశాం. అమరావతి చూశాం. ఇక మిగిలింది నీళ్ల మీద షికారు. తలా కొంత డబ్బు వేసుకుని నాగార్జునసాగరు పోదామని కొందరు అంటారు. పాపికొండలు పోదామని కొందరు అంటారు.

"ఏ లాంచీ అయితే ఏందమ్మా? ఏది ముందు కదిలితే అది ఎక్కుదాం" అనేవాళ్లూ ఉన్నారు. అక్కడే ఆగాలి అక్కలారా. లాంచీలన్నీ ఒకటి కావు.

ముందు మన ఇంటి పక్క లాంచీ సంగతి చూద్దాం. మాచర్ల నుంచి విజయపురి సౌత్ పాతిక కిలోమీటర్ల లోపే. అక్కడ పర్యాటక శాఖ వారి లాంచీ స్టేషను ఉంది. అక్కడి నుంచి నాగార్జునకొండకు దాదాపు గంట ప్రయాణం. ఆ కొండ ఒకప్పుడు దీవి కాదు. చుట్టూ లోయ ఉండేది. పదిహేడు వందల ఏళ్ల కిందట ఇక్ష్వాకు రాజులు ఆ లోయలో విజయపురి అనే పట్నం కట్టుకుని ఏలారు. సాగరు డ్యాముకు 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. డ్యాము కడితే లోయ మునిగిపోతుంది. అందుకని 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు చేశారు. దొరికిన శిల్పాలను కొండ మీదకు చేర్చారు. కొన్ని కట్టడాలను అనుపు దగ్గర తిరిగి నిలబెట్టారు. ఇప్పుడు మనం లాంచీలో పోతుంటే, కింద నీళ్లలో ఆ పాత పట్నం ఉన్నట్టే లెక్క.

శుక్రవారం కొండ మీద మ్యూజియం మూసి ఉంటుంది. ఆ రోజు పోతే డబ్బు దండగ. గాలి ఎక్కువైనా, ఇంకేదైనా కారణం వచ్చినా లాంచీలు ఆపేస్తారు. కాబట్టి బయలుదేరే ముందు రోజే ఫోను చేసి కనుక్కోండి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు బస్సులో టికెట్టు డబ్బులు లేవు. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. బస్సులో మిగిలిన డబ్బు లాంచీకి పనికొస్తుంది.

సాగరు నుంచి శ్రీశైలం దాకా కూడా లాంచీ ఉంది. నల్లమల కొండల మధ్య సుమారు 110 కిలోమీటర్లు. పొద్దున ఎక్కితే దిగేసరికి సాయంత్రం అవుతుంది. సాగరులో నీళ్లు నిండుగా ఉన్నప్పుడే అది నడుస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మలకు, చంటిపిల్లల తల్లులకు అంతసేపు కూర్చోవడం కష్టం. నా మాట వింటే మొదటిసారి పోయేవాళ్లకు నాగార్జునకొండే మేలు.

పాపికొండలు గోదావరి మీద ఉన్నాయి. మనకు దూరం. రెండు రోజులన్నా చూసుకోవాలి. అందం మాత్రం చెప్పనలవి కాదు. రెండు పక్కలా కొండలు, మధ్యలో సన్నబడ్డ నది. కానీ అది పారే నది. సాగరులో నీళ్లు నిలిచి ఉన్నట్టు అక్కడ ఉండవు. వరద రోజుల్లో గోదావరి జోరు వేరు. సముద్రం మీద తిరిగే పెద్ద ఓడలూ ఉన్నాయి. 2022లో అలాంటి ఓడ ఒకటి విశాఖపట్నం వచ్చింది. వాటి ఖరీదు మనకు అందేది కాదు గాని, ఆ ఓడ ఎక్కినా చూసుకోవలసినవి ఇవే.

ఇప్పుడు రెండు చేదు సంగతులు చెప్పాలి.

2017 నవంబరు 12, కార్తీక ఆదివారం. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో, కృష్ణా గోదావరి నీళ్లు కలిసే పవిత్రసంగమం దగ్గర పడవ బోల్తాపడింది. ఇరవైమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి సరదాగా వచ్చినవాళ్లే. ఆ ప్రైవేటు పడవకు జనాన్ని ఎక్కించుకునే అనుమతి లేదు.

2019 సెప్టెంబరు 15, అదీ ఆదివారమే. గోదావరి వరద మీద ఉంది. పాపికొండలు పోతున్న బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో డెబ్భై మందికి పైగా ఉన్నారు. బతికినవాళ్లు 26 మంది. కచ్చులూరు ఊరివాళ్లు తమ చిన్న పడవలు వేసుకుని వచ్చి చేతికి అందినవాళ్లను లాగారు. నీళ్లలో మునిగిన బోటును బయటికి తీయడానికి నెల దాటింది. అక్టోబరు 22న తీశారు.

పడవ ఎందుకు బోల్తాపడుతుంది? పత్తి బోరేలు ఎత్తుగా కట్టిన ట్రాక్టరును చూశారుగా. బరువు పైన ఉంటే, చిన్న గుంట వచ్చినా పక్కకు ఒరుగుతుంది. పడవా అంతే. బరువు కింద ఉంటే నిలకడగా ఉంటుంది. జనమంతా పై అంతస్తు ఎక్కితే నిలకడ పోతుంది. "అదుగో, మొసలి!" అని ఒకరు అరిస్తే అందరూ ఒక పక్కకే ఉరుకుతారు. అప్పుడు పడవ ఒరుగుతుంది. ఒరిగిన పక్క నుంచి నీళ్లు లోపలికి వస్తాయి. ఆ తరువాత ఆపడం ఎవరి వల్లా కాదు.

అందుకే గట్టు మీద నిలబడి ముందు పడవను చూడండి. దాని ఒంటి మీద నంబరు రాసి ఉండాలి. ఎంతమంది ఎక్కవచ్చో అంకెల్లో రాసి ఉండాలి. ఈ రెండూ మీరే చదవగలరు. 50 అని రాసి ఉంటే, యాభై మంది అన్నమాట. తలలు లెక్కపెట్టండి. పిల్లలను కూడా లెక్కలోకి తీసుకోండి. యాభై దాటినా ఇంకా ఎక్కిస్తుంటే మీరు ఎక్కవద్దు. నంబరే లేని పడవ దగ్గరకు అసలు పోవద్దు, సగం ధరకే ఎక్కిస్తామన్నా సరే. టికెట్టు కౌంటరులోనే కొనండి. టికెట్టు మీద తేదీ, ధర చదువుకుని కొంగున ముడివేసుకోండి.

తరువాత లైఫ్ జాకెట్టు. నీళ్లలో మనిషిని తేల్చే చొక్కా అది. తలకొకటి ఉందో లేదో చూడాలి. మూటగట్టి మూలన పడేసి ఉంటే లేనట్టే. పైట తీసి నడుము దగ్గర బిగించి దోపుకోండి. చీర మీదనే జాకెట్టు తొడుక్కోండి. ముందు ఉన్న పట్టీలన్నీ బిగించండి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకి వస్తే వదులుగా ఉన్నట్టు. పెద్దవాళ్ల జాకెట్టు పిల్లలకు వేస్తే నీళ్లలో పిల్ల కిందికి జారిపోతుంది, జాకెట్టు మాత్రం పైన తేలుతుంది. పిల్లల జాకెట్టు వేరుగా అడగండి. ఉక్కపోసినా, అన్నం తింటున్నా విప్పవద్దు. ఫొటోలో చీర కనపడదని విప్పేవాళ్లు ఉన్నారు. చీర ఇంటి దగ్గర కట్టుకుని దిగవచ్చు ఫొటో.

మన ఆడవాళ్లకు ఉన్న ఇబ్బంది ఒకటుంది. మొహమాటం. "అందరూ ఎక్కుతున్నారు, మనమొక్కళ్లం అడిగితే ఏమనుకుంటారో" అనుకుంటాం. అడిగే తీరు ఇలా ఉండవచ్చు.

"అన్నా, ఇందులో ఎంతమంది పడతారు?"

"ఎంతమందైనా పడతారమ్మా, ఎక్కండి."

"ఇక్కడ 50 అని రాసి ఉందిగా. ఇప్పటికే నిండింది. మేము తరువాతి దాంట్లో వస్తాం."

ఇంతే. తగాదా అక్కర్లేదు. పదిమంది ఒక్కమాట మీద వెనక్కి తగ్గితే అతనే దారికి వస్తాడు. రాకపోయినా మనకేం పోయిద్ది? ఒక గంట ఆలస్యం అయిద్ది.

ఆకాశం కూడా చూడండి. మబ్బు పట్టి గాలి లేస్తే ఆ పూట మానుకోండి. చీకటి పడే వేళ ఎక్కవద్దు. నది వరద మీద ఉంటే ఎవరు పిలిచినా పోవద్దు. ఎక్కాక సరంగు చెప్పిన చోట కూర్చోండి. కిటికీ అవతలికి పిల్లలు వంగకుండా చూడండి. తెరలు కట్టిన కిటికీ దగ్గర కంటే తెరిచి ఉన్న చోటు మంచిది. ఎర్రటి చక్రాలు ఎక్కడ తగిలించి ఉన్నాయో ఒకసారి చూసుకోండి. ఎవరైనా నీళ్లలో పడితే వెంటనే విసరవలసింది వాటినే.

కొండ నుంచి ఆఖరి లాంచీ ఎన్ని గంటలకో ఎక్కే ముందే అడిగి ఉంచుకోండి. ఆఖరుదానికి జనం తోసుకుంటారు. దానికి ముందుదానిలోనే తిరిగి రండి. లాంచీ గట్టుకు ఆనుకుని, తాడు కట్టిన తరువాతే లేవండి. పిల్లలను, ముసలివాళ్లను ముందు దిగనివ్వండి. జాకెట్టు నేల మీద కాలు పెట్టాక విప్పండి.