వసంతయాత్రలు, పక్షుల వార్షిక పట్టిక

తెలుగు కవికి వసంతమనగనే స్ఫురించునది కోయిల. మామిడి లేజివురు మెసవి, గొంతు సవరించుకొని, అది యొక్కమాఱు కూసిన గాని చైత్రమాసము పంచాంగమున వచ్చినదే తప్ప తోటలోనికి వచ్చినట్లు మనకు తోచదు. ఈ మధురమైన సంప్రదాయమును పక్షిపరిశీలకుడు, వినయపూర్వకముగానే యైనను, రెండు మూడు చోట్ల దిద్దక తప్పదు. కోయిల దూరదేశమునుండి వసంతముతో గూడ వచ్చు అతిథి కాదు. హేమంతమునందును శిశిరమునందును అది మన యూరి మఱ్ఱిచెట్టు గుబురులోనే, నోరు మెదపక, పండ్లు తినుచు కాలము గడపుచుండును. దాని ముఖ్యాహారము మఱ్ఱి, రావి, మేడి మున్నగు చెట్ల పండ్లే కాని మామిడి చివురు కాదు. మనకు పరిచితమైన ఆ కుహూరవము నిగనిగలాడు నల్లని మగపక్షిది. గోధుమవన్నెపై తెల్లని చుక్కలు గల యాడుపక్షి, కాకి గూటిని కనిపెట్టుకొని, అందు తన గ్రుడ్డును విడుచుటకు తగిన సమయమునకై ఆకుల చాటున పొంచియుండును. కావున ‘ఈనాడు కోయిల వచ్చినది’ అని వ్రాసికొనరాదు. ‘ఈనాడు కోయిల పలికినది’ అని వ్రాసికొనవలెను. వచ్చుటకును పలుకుటకును గల యీ భేదమును తేదీతో సహా గుర్తింప నేర్చినవానికి పక్షుల వార్షిక పట్టిక సగము చేతికి వచ్చినట్లే.

వార్షిక పట్టిక, అనగా పక్షిప్రియులు తమలో తాము ఇయర్ లిస్ట్ అని పిలుచుకొనునది, పైకి చూడ మిక్కిలి సులభమైన వ్యాసంగము. జనవరి 1వ తేదీ ఉదయమునుండి డిసెంబరు 31వ తేదీ రాత్రి వఱకు కంటబడిన ప్రతి పక్షిజాతిని ఒక్కమాఱు లెక్కించి, దాని కెదురుగా చూచిన తేదీని, చోటును వ్రాసికొనుటయే దాని విధానము. గొంతు నిస్సందేహముగా తెలిసినచో, కంటికి చిక్కక చెవికి మాత్రమే చిక్కిన పక్షిని సైతము చేర్చుకొనుట చాలమంది యంగీకరించిన మర్యాద. కొత్త సంవత్సరము రాగానే పాత లెక్క ముగిసి, మఱల కాకితోను పిచ్చుకతోను ఆరంభింపవలసివచ్చుట యీ యాటలోని చమత్కారము. ఎంత పండిన పరిశీలకుడైనను ఆ యుదయమున బాలునితో సమానుడే.

ఈ యాటను పరాకాష్ఠకు గొనిపోయినవారును లేకపోలేదు. అమెరికా దేశస్థుడగు నోవా స్ట్రైకర్ 2015లో ఏడాది పొడవున ఖండఖండాంతరములు తిరిగి, 41 దేశములలో 6,042 జాతుల పక్షులను చూచెను. మఱుసటి యేడే డచ్చి యువకుడగు ఆర్యన్ ద్వార్షౌస్ 6,800కు పైగా జాతులను చూచి యా సంఖ్యను మించెను. వారి యోపికకు నమస్కారము. కాని విమానములెక్కి దిగుచు, ఒక జాతిని చూచిన మఱునిమిషమున ఇంకొక జాతికై పరుగెత్తువానికి, చూచిన పక్షి యేమి చేయుచున్నదో గమనించు తీరిక యెక్కడిది? ఇట్టి పందెమునందు నాకంతగా గౌరవము కలుగదు. నా దృష్టిలో వార్షిక పట్టికకు ప్రాణము సంఖ్య కాదు, తేదీ.

ఈ మాటకు ప్రాచీనమైన సాక్ష్యమొకటి కలదు. ఇంగ్లండులోని నార్‌ఫోక్ మండలమున రాబర్ట్ మార్షమ్ అను భూస్వామి 1736వ సంవత్సరమున ఒక పని మొదలుపెట్టెను. ఏ వసంతమున ఏ పూవు మొదట విచ్చినది, ఏ చెట్టు మొదట చిగిర్చినది, వానకోయిల యెన్నడు తొలుత కనబడినది, కక్కూ పక్షి యెన్నడు తొలుత పలికినది, ఇట్టి వసంతలక్షణములే ఆయన పుస్తకమున గలవు. ఆయన గతించిన పిదప కుమారులును, మనుమలును, మునిమనుమలును ఆ పుస్తకమును విడువక, 1958 వఱకు, అనగా రెండు శతాబ్దులకు మించి, కొనసాగించిరి. సెల్బోర్న్ గ్రామమునందలి ప్రకృతిని వర్ణించి 1789లో గ్రంథము ప్రకటించిన గిల్బర్ట్ వైట్ అను మతాచార్యుడు తన చివరి దినములలో ఈ మార్షమ్‌తో ఉత్తరప్రత్యుత్తరములు జరిపెను. వారెవ్వరును జాతుల సంఖ్యను పెంచుకొనవలెనని తహతహలాడినవారు కారు. అయినను వాతావరణపు వేడిమి హెచ్చుకొలది వసంతలక్షణములు ఎన్ని దినములు ముందునకు జరుగునో తెలిసికొనగోరిన శాస్త్రజ్ఞులకు ఆ కుటుంబము వ్రాసికొన్న తేదీలే అక్కఱకు వచ్చినవి.

అయితే ఆంగ్లేయుని వసంతమును మన వసంతమును ఒకటి గావు. అతనికి వసంతము రాకల కాలము. ఆఫ్రికానుండి వానకోయిలలును, కక్కూలును, గానవిహంగములును సముద్రములు దాటి అతని యింటిముంగిటికి వచ్చును. మనకన్ననో యది పోకల కాలము. ఆశ్వయుజ కార్తికములలో హిమాలయములను దాటి మన చెఱువులకును తీరములకును దిగిన బాతులు, ఉల్లంకులు, వానకోయిలలు, తోకయాడించు వాగ్‌టెయిల్ పిట్టలు, ఫాల్గుణము ముదురుకొలది ఉత్తరాభిముఖములగును. తలపై రెండు నల్లని పట్టెలు గల బార్‌హెడెడ్ గూస్ అను బాతు టిబెట్టు, మంగోలియా పీఠభూములలోని తన జన్మస్థానమునకు మరలుచు, ప్రాణవాయువు పలుచబడిన 7,000 మీటర్లకు పైబడిన యెత్తున హిమవంతమును దాటగలదని ఉపగ్రహములకు సంకేతమంపు చిన్న యంత్రములను వాని కమర్చి పరిశోధకులు నిర్ధారించిరి.

పోవునప్పటి వాని వేషమే వేషము. చలికాలమంతయు బూడిదవన్నెతో, ఒకదానినుండి మఱియొకదానిని వేఱుపఱుపరాక పరిశీలకుని విసిగించు సముద్రతీరపు ఉల్లంకి జాతులు, ఏప్రిల్ నెల వచ్చునప్పటికి ఈకలు మార్చుకొని కొత్త రంగులు తాల్చును. కర్ల్యూ శాండ్‌పైపర్ కడుపు ఇటుకవలె ఎఱ్ఱబాఱును. గోల్డెన్ ప్లవర్ ముఖమునుండి పొట్ట వఱకు కాటుకవన్నె పరచుకొని, వీపుపై బంగారు చుక్కలు మెఱయును. పెండ్లింట నాలుగు దినములు మాసిన బట్టలతో పనులు చేసి, తీరా ప్రయాణమునాడు పట్టుచీర కట్టుకొని బండి యెక్కు చుట్టమువలె నుండును వీని వ్యవహారము. పులికాటు సరస్సు ఒడ్డునను, కాకినాడ చెంత కోరంగి మడ యడవులకు బయట బురద తేలిన తీరమునను, మార్చి చివరనుండి ఏప్రిల్ నడుమ వఱకు ఈ వేడుకను చూడవచ్చును. పక్షులను చూచుటకు చలికాలమే తగినదని తలచి, సంక్రాంతి వెళ్లగానే దుర్భిణిని పెట్టెలో పెట్టువారు ఈ భాగ్యమును పోగొట్టుకొనుచున్నారు.

ఇక్కడనే పట్టిక వ్రాయువానికి నిజమైన పరీక్ష యెదురగును. ఒక జాతి మొదట కనబడిన దినమును గుర్తించుట కష్టము కాదు. కొత్తదనము చేతనే మనస్సు మేల్కొనును. కాని కడపటిసారి కనబడిన దినము ఆనాడు మనకు తెలియదు. ఏప్రిల్ 9వ తేదీన తీగపై కూర్చున్న వానకోయిల ఆ యేటికి ఆఖరుదని, మే నెల సగము గడచి తీగ వట్టిదై యున్నప్పుడు గదా తెలియవచ్చును! కాబట్టి నిన్న చూచినదే గదా, పట్టికలో నున్నదే గదా యని యుపేక్షింపక, వెళ్లిన ప్రతి దినమును ఆనాడు చూచిన పక్షులన్నిటి పేర్లను వ్రాసికొన్నవానికే కడపటి తేదీలు దక్కును. ఒక్కొక్క జాతికి తొలి తేదీ, మలి తేదీ రెండును గల పట్టిక, జాతుల సంఖ్య తక్కువైనను, రెట్టింపు జాతులు గల వట్టి జాబితా కంటె మేలైనదని నా యభిప్రాయము.

వసంతయాత్రకు దూరప్రయాణము అగత్యము కాదు. ఫాల్గుణమున ఆకు రాల్చి నిలువెల్ల పూచిన మోదుగుచెట్టు గాని బూరుగుచెట్టు గాని యొకటి చూచుకొని, ఎండ యెక్కకముందే దానికి కొంచెము దూరమున కూర్చున్నచో, పక్షులే మన కడకు యాత్రకు వచ్చును. తేనెపిట్టలు, గోరింకలు, పికిలిపిట్టలు, పసులపోలిగాళ్లు ఆ పూలలోని మకరందమునకై కలహించును. నడుమ నడుమ, రోజీ స్టార్లింగ్ అను గులాబివన్నె గోరింకల గుంపు హోరుమని దిగి, చెట్టునంతను గలగలలాడించి లేచిపోవును. చలికాలమున మన జొన్నచేలపై వ్రాలి రైతుచే తిట్లు తిను ఈ పక్షి, మధ్యాసియా మైదానములలో గూడు కట్టునప్పుడు మిడుతలను తిని ఆ దేశపు రైతుకు మేలు చేయునట. దీని గుణదోషములు దేశమును బట్టి మాఱును కాబోలు.

దూరము పోగలవారికి అనంతపుర ప్రాంతపు వీరాపురము ఉండనేయున్నది. శీతకాలాంతమున అచ్చటికి చేరు ఎఱ్ఱకాళ్ల కొంగలు ఊరి నడుమ చింతచెట్లపై గూళ్లు కట్టి, వేసవియెల్ల పిల్లలను సాకి, వానకాలమున తరలిపోవును. ఆ కొంగలు వచ్చిన యేడు ఊరికి మేలు జరుగునని గ్రామస్థుల నమ్మకము, వానిని కొట్టనీయరు. ఈ కొంగలను, నేలపట్టులోను తేలినీలాపురములోను గూళ్లు కట్టు గూడబాతులను, సైబీరియానుండి వచ్చిన విదేశీయులని పత్రికలు ఏటేట వ్రాయుచున్నవి. అవి సైబీరియాను ఎఱుగవు. రెండును భారతదేశపు బిడ్డలే. నీటిని, చేపలను వెదకికొనుచు ఒక తావునుండి మఱియొక తావునకు తిరుగుచుండును. మన యింటి పక్షిని పరదేశి యనిన గాని మనకు ముచ్చట కలుగకపోవుట చింతింపదగిన విషయము.

వసంతమున కన్నుల కంటె చెవులకు పని హెచ్చు. కంసాలిపిట్ట రాగిరేకును సుత్తితో కొట్టినట్లు మధ్యాహ్నపు టెండలోను మానక మ్రోగించును. చలికాలమున దక్షిణమున గడపి, వేసవి తొలకరుల నాటికి గూడు కట్టుటకై ఉత్తరమునకును మధ్యదేశపు టడవులకును మరలు పొన్నంకిపిట్ట, తొమ్మిది వన్నెల పక్షియయ్యును, నేలమీది యెండుటాకులలో తిరుగుటచే కంటబడదు. తెల్లవాఱుజామునను మునిమాపునను అది వేయు రెండు పలుకుల యీల మాత్రమే దాని జాడ తెలుపును. ఇది గూళ్ల కాలమని మఱవరాదు. తీతువు గులకఱాళ్ల నడుమ వట్టినేలపైననే గ్రుడ్లు పెట్టును. అది నెత్తిపై తిరుగుచు అఱచినచో, ఛాయాచిత్రమునకై ముందడుగు వేయక, వచ్చిన దారినే వెనుకకు తిరుగవలెను. ఎండలో విడిచిన గ్రుడ్డు ఉడికిపోవుటకు ఎంతో సేపు పట్టదు.

ఈ వ్యాసంగము తెలుగునేలకు కొత్త కాదు. మద్రాసు సైన్యమున వైద్యుడై, కొంతకాలము నెల్లూరున నివసించిన జెర్డన్ దొర 1862 మొదలుకొని ప్రకటించిన భారతపక్షుల గ్రంథమున అనేక పక్షులకు తెలుగు పేర్లను సేకరించి పొందుపఱిచెను. 1931-32లో సాలిం అలీ నైజాము రాజ్యమంతయు తిరిగి పక్షుల సర్వే జరిపెను. జెర్డన్ పేరు పెట్టుకొన్న కలివికోడి 1900 తరువాత మఱల కానరాక, నశించినదని యందఱును తలచుచుండగా, 1986లో కడప జిల్లా చిట్టడవులలో భరత్ భూషణ్ అను పరిశోధకునికి స్థానికుల సాయమున తిరిగి లభించెను. రోళ్లపాడు మైదానములందలి బట్టమేకపిట్ట కథ ఇందుకు విలోమము. దాని కొఱకే యభయారణ్యము నేర్పఱచినను, అది యిప్పుడచ్చట కనబడుట దుర్లభమైనది. ఒకప్పుడు ఎవరో తేదీ వేసి వ్రాసియుంచుటచేతనే గదా, ఈ లేమి యైనను మనకు తెలియుచున్నది.

నేడు అట్లు వ్రాసినదానిని పంచుకొనుటకు సాధనములు కలవు. ఈబర్డ్ అను ప్రపంచవ్యాప్తమైన అంతర్జాల భాండారమున ఎవరైనను తమ పట్టికను ఉచితముగా చేర్పవచ్చును. 2023లో వెలువడిన భారతపక్షుల స్థితినివేదిక 30,000 మందికి పైబడిన పరిశీలకులు చేర్చిన సుమారు 3 కోట్ల నమోదులను ఆధారముగా గొని, 942 జాతుల స్థితిని పరిశీలించి, అందు 178 జాతులకు తక్షణరక్షణ యావశ్యకమని తేల్చినది. ఆ నమోదులు వ్రాసినవారిలో వృత్తిచే శాస్త్రజ్ఞులు కొలదిమందియే. తక్కినవారు ఉపాధ్యాయులు, ఉద్యోగులు, విద్యార్థులు, విశ్రాంతి పొందిన వృద్ధులు. ఐనను ఇట్టి నమోదులు నగరముల చుట్టును, పేరుపొందిన సరస్సుల యొద్దను గుమికూడునంతగా పల్లె చెఱువుల యొద్ద కానరావు.

ఒక దుర్భిణి, ఒక చిన్న పుస్తకము, ఒక పెన్సిలు ఉన్న చాలును. దుర్భిణి ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూపునదైనచో చేయి వణకక చక్కగా నుండును. ఈ వ్యాసము చదువువారు నెలకు నాలుగు దినములైనను ఒకే చెఱువు గట్టుపై తెల్లవాఱున నడచి, చూచిన ప్రతి పేరును తేదీతో వ్రాయుదురు గాక! పేరు తెలియనిచో మీ యూరివారు పిలుచు పేరే వ్రాయుడు, దానికి శాస్త్రనామము తరువాత వెదకవచ్చును. ఉగాది దాటిన పిదప పుస్తకము మూయకుడు. బాతులు లేచిపోయిన చెఱువునకు మఱి రెండు వారములు పోయి, అవి లేవని కూడ వ్రాసియుంచుడు.