లోపలికి దారి ఉంది, బయటికి లేదు!

ఒక గిన్నెలో నీళ్ళు, మరో గిన్నెలో వంటనూనె తీసుకొని, రెండింటిలోనూ చిటికెడు ఉప్పు వేసి కలిపి చూడండి. నీళ్ళలో ఉప్పు కాసేపట్లో మాయమవుతుంది. నూనెలో మాత్రం వేసినది వేసినట్టే అడుగున ఉండిపోతుంది. మీ శరీరంలోని ప్రతి జీవకణానికీ కాపలా కాస్తున్నది ఈ చిన్న సంగతే!

కణం చుట్టూ ఉండే పొర మందం మిల్లీమీటరులో సుమారు రెండు లక్షలవ వంతు. నిజానికి అది జంటపొర. లిపిడ్లు అనే కొవ్వుజాతి అణువులు రెండు వరుసలుగా, తోకలు లోపలికీ తలలు వెలుపలికీ పెట్టి నిలబడతాయి. తలలకు నీరంటే ఇష్టం, తోకలకు గిట్టదు. 1925లో గోర్టర్, గ్రెండెల్ అనే హాలెండు శాస్త్రజ్ఞులు ఎర్ర రక్తకణాల కొవ్వును తీసి, నీటి మీద ఒక్క అణువు మందాన పరచి కొలిచారు. కణాల ఉపరితలానికి అది రెండింతలు వచ్చింది. తమాషా ఏమిటంటే, వారి కొలతల్లో రెండు పొరపాట్లు దొర్లాయి. అవి ఒకదాన్నొకటి సరిచేసుకోవడంతో జవాబు ఒప్పయింది!

పొర నడుమ నూనెలాంటి ప్రాంతం ఉంది కదా, విద్యుదావేశం గల అయాన్లు అందులోకి చొరలేవు. అయాను చుట్టూ నీటి అణువులు మూగి ఉంటాయి. వాటిని వదిలించుకొని నూనెలోకి దిగాలంటే ఎంతో శక్తి కావాలి. మరి మన నరాలు సోడియం, పొటాషియం అయాన్లతోనే కదా పనిచేసేది అంటారా? వాటికోసం పొరలో ప్రోటీన్లతో కట్టిన ప్రత్యేక ద్వారాలున్నాయి. ఆ కథ వేరు.

బలహీన ఆమ్లాలది రెండు వేషాల బతుకు. ఆస్పిరిన్‌నే తీసుకోండి. ప్రోటాన్, అంటే హైడ్రోజన్ అయాను, అంటుకొని ఉన్నంతసేపూ దానికి ఆవేశం ఉండదు; పొరలో కరిగి అవతలికి జారిపోతుంది. ప్రోటాన్ ఊడిందా, ఋణావేశం వస్తుంది, దారి మూసుకుపోతుంది. ఏ వేషంలో ఎన్ని అణువులుండాలో చుట్టూ ఉన్న ద్రవపు పి.హెచ్. నిర్ణయిస్తుంది. ఈ అంకె తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువని మీకు తెలుసు. ఆస్పిరిన్ విషయంలో 3.5 దగ్గర సగం సగం. అక్కడినుంచి ఒక్కొక్క అంకెకూ నిష్పత్తి పదిరెట్లు మారుతుంది.

ఇప్పుడు లెక్క కట్టండి. జఠరరసం పి.హెచ్. 1.5 అనుకుందాం. ఆవేశం లేనివి వందైతే, ఉన్నది ఒకటి. అందుచేత ఆస్పిరిన్ జీర్ణాశయపు గోడ కణాల్లోకి సులువుగా దూరుతుంది. కణం లోపల పి.హెచ్. సుమారు 7. అక్కడ ప్రోటాన్లకు కరవు. లేనిది ఒకటైతే, ఉన్నవి మూడువేల పైచిలుకు! తిరిగి పోదామంటే తొడుక్కోవడానికి ప్రోటాన్ దొరకదు. ఎలుక బోనులో పడ్డట్టే అన్నమాట. ఆస్పిరిన్‌తో కడుపు మండడానికి ఇదొక కారణం. అయినా మందులో ఎక్కువ భాగం రక్తంలో చేరేది చిన్నప్రేగుల ద్వారానే. అక్కడ ఆవేశం లేని అణువులు తక్కువైనా, గోడ వైశాల్యం చాలా ఎక్కువ.

ఈ బోనే ప్రాణాలు కాపాడుతుంది కూడా. ఎవరైనా ఆస్పిరిన్ అతిగా మింగితే, శరీరంలో అది సాలిసిలిక్ ఆమ్లంగా మారి విషమవుతుంది. మూత్రపిండాలు దాన్ని మూత్రంలోకి వదులుతాయి. కాని మూత్రం ఆమ్లంగా ఉంటే, ఆవేశం లేని అణువులు నాళికల గోడ దాటి మళ్ళీ రక్తంలోకి వచ్చేస్తాయి. అందుకని ఆసుపత్రిలో రక్తనాళంలోకి సోడియం బైకార్బొనేటు ఎక్కిస్తారు. మూత్రం పి.హెచ్. 5 నుంచి 8కి పెరిగితే, ఆవేశం లేని అణువుల వంతు సుమారు వెయ్యిరెట్లు తగ్గుతుంది. మూత్రంలో దిగిన విషం అక్కడే చిక్కుకొని బయటికి పోతుంది. ఇది ఇంట్లో తినేసోడా తాగించి చేసే వైద్యం కాదు సుమా! గంటగంటకూ రక్తపరీక్షలు చూసుకుంటూ నడపవలసినది.

ఎందుకంటే ఇదే సూత్రం ఎదురు తిరగగలదు. రక్తం పి.హెచ్. 7.4 నుంచి 7.1కి దిగితే చాలు, ఆవేశం లేని అణువులు రెట్టింపై మెదడులోకి చొరబడతాయి. ఇలాంటి రోగి వేగంగా ఊపిరి తీస్తుంటాడు. పాపం, ఆయాసపడుతున్నాడని మత్తుమందు ఇస్తే ఊపిరి నెమ్మదిస్తుంది, కార్బన్ డయాక్సైడు పేరుకుంటుంది, రక్తం ఆమ్లం వైపు ఒరుగుతుంది. అందుకే వైద్యులు ఆ సూదివేయడానికి జంకుతారు.