మీకు తెలుసా? ఉడుము మాంసపు సాతే
జావా ద్వీపమునందు వెల్లుల్లి, ధనియాలు, పసుపు నూరి పట్టించిన మాంసఖండములను వెదురుపుల్లలకు గ్రుచ్చి, తాటిబెల్లము కలిసిన తియ్యని సోయారసమును మాటిమాటికి పూయుచు బొగ్గుల సెగపై కాల్చెడి ‘సాతే’ను కోడి, మేక మాంసములతోనే గాక, కొన్నిచోట్ల నీటి ఉడుముతోను చేయుదురు. ఉడుము మాంసము చర్మరోగములను మాన్పునని కొందరి విశ్వాసము; ముస్లిములలో పెక్కురకు మాత్రము అది నిషిద్ధాహారము. ఉడుము మాంసము బలవర్ధకమను నమ్మిక తెలుగునాటను చిరకాలముగా నున్నది. అయితే నల్లమల అడవులలో సంచరించు మన ఉడుము, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులోని ప్రాణి. దానిని వేటాడినవారికి 3 నుండి 7 సంవత్సరముల కారాగారశిక్ష విధింపవచ్చును. పురుగులను, ఎలుకలను తిని పైరునకు మేలొనర్చు ఈ సాధుజీవిని చంపుట నిజముగా అన్యాయము. సాతే రుచి చూడగోరినచో, ఆ మసాలా నాటుకోడికి చక్కగా పట్టును. ఉడుమును అమ్మువారు కనబడినచో అటవీశాఖవారికి తెలుపుడు.