లాలాజలం కాపలా ఉన్నా పిల్లల పళ్లెందుకు పుచ్చుతాయి?

ఒకే ఇంట్లో ఒకే తిండి తింటున్నా ఒక బిడ్డకు వరసగా పిప్పిపళ్లు, ఇంకో బిడ్డకు ఒక్కటీ ఉండదు. నోట్లో రోగనిరోధక శక్తి తక్కువేమోనని తల్లిదండ్రులకు అనుమానం వస్తుంది. ఆ అనుమానంలో కొంత నిజముంది, కానీ అదే పూర్తి కారణం కాదు.

పన్ను ఎలా పుచ్చుతుంది?

పంటి మీది పాచిలో స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ లాంటి బ్యాక్టీరియా ఉంటాయి. అవి చక్కెర తిని ఆమ్లం వదులుతాయి. అక్కడి పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరగడం మొదలవుతుంది. తినడం ఆపాక లాలాజలం ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాలను తిరిగి చేరుస్తుంది. రోజూ పూడే దానికన్నా కరిగేది ఎక్కువైతే చివరికి గుంట పడుతుంది.

ఇందులో రోగనిరోధక శక్తి పనేమిటి?

ఎనామిల్‌లో రక్తనాళాలు లేవు, జీవకణాలు లేవు. లోపలి నుంచి సాయం వచ్చే దారి లేదు కనుక పంటి పైభాగానికి లాలాజలమే దిక్కు. అందులో ముఖ్యమైన యాంటీబాడీ ఐజీఏ. అది ప్రధానంగా బ్యాక్టీరియాను చంపదు. పంటికి అతుక్కోనివ్వకుండా గుంపులుగా చేరుస్తుంది. ఆ గుంపులను మనం ఉమ్మితోపాటు మింగేస్తాం. 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ లోకానికి పరిచయం చేసిన లైసోజైమ్ కొన్ని బ్యాక్టీరియా గోడలను ఛేదిస్తుంది. లాక్టోఫెర్రిన్ వాటికి ఇనుము దొరక్కుండా చేస్తుంది. డిఫెన్సిన్లనే చిన్న ప్రొటీన్లు వాటి పొరకు చిల్లులు పెడతాయి.

వయసుతో ఈ రక్షణ మారుతుందా?

మారుతుంది. అప్పుడే పుట్టిన బిడ్డ లాలాజలంలో ఐజీఏ దాదాపు ఉండదు. తల్లిపాలతో కొంత అందుతుంది. సూక్ష్మజీవులతో పరిచయం పెరిగేకొద్దీ బిడ్డ శరీరమే తయారు చేసుకుంటుంది. అందుకే మూడేళ్ల పిల్లల ఐజీఏ అంకెలను పదమూడేళ్ల వాళ్ల అంకెలతో పోల్చకూడదు.

ఐజీఏ తగ్గితే పళ్లు పుచ్చినట్టేనా?

పరిశోధనల్లో ఏకాభిప్రాయం లేదు. పిప్పిపళ్లున్న పిల్లల్లో ఐజీఏ తక్కువని కొన్ని చెబితే, ఎక్కువని మరికొన్ని చెప్పాయి. రెండింటికీ కారణం ఊహించవచ్చు. రక్షణ తగ్గడం వల్ల పన్ను పుచ్చి ఉండవచ్చు. పుచ్చు మొదలయ్యాక శరీరం ఐజీఏను పెంచీ ఉండవచ్చు. ఒక్కసారి కొలిస్తే ఏది ముందో, ఏది వెనకో తేలదు. పైగా ఉమ్మి ఎక్కువ ఊరితే ఐజీఏ పలచబడుతుంది. పరీక్ష చేసిన వేళను బట్టీ, మానసిక ఒత్తిడిని బట్టీ అంకె మారుతుంది.

అయితే ఉమ్మి పరీక్ష చేయించాలా?

మామూలుగా అవసరం లేదు. ఇప్పటికే పుచ్చిన పళ్లెన్ని, తీపి రోజుకెన్నిసార్లు తింటున్నారు, ఫ్లోరైడ్ పేస్టుతో తోముతున్నారా అన్న ప్రశ్నలే ముప్పును బాగా చెబుతాయి.

ఇంట్లో ఏం చేయాలి?

లాలాజలానికి తన పని చేసుకునే వ్యవధి ఇవ్వాలి. తీపి తగ్గించాలి. పెట్టేదేదో భోజనంతో పెట్టాలి. అస్తమానం చాక్లెట్ చప్పరిస్తే, కూల్‌డ్రింక్ గుటకగుటకగా తాగుతుంటే పాచిలో ఆమ్లం తగ్గే సందు దొరకదు. నిద్రలో ఉమ్మి బాగా తక్కువ ఊరుతుంది కాబట్టి పాలసీసా నోట్లో ఉంచి పడుకోబెట్టకూడదు. రాత్రి తోమాక మంచినీళ్లు తప్ప ఏమీ ఇవ్వకూడదు. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. నల్గొండ లాంటి, భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న ప్రాంతాల వాళ్లు పేస్టు గురించి డాక్టరును అడగడం మంచిది.

ఆరేళ్ల ప్రాయంలో పాలపళ్ల వెనక కొత్త దవడపళ్లు వస్తాయి. అవి ఊడి మళ్లీ వచ్చేవి కావు, శాశ్వతమైనవి. పంటి మీద సుద్దలాంటి తెల్లమచ్చ కనబడితే వెంటనే డాక్టరుకు చూపించండి. ఆ దశలో లాలాజలం, ఫ్లోరైడ్ కలిసి పంటిని నిలబెట్టగలవు. గుంట పడ్డాక దాన్ని పూడ్చడం లాలాజలం వల్ల కాదు.