పిల్లలకు ప్రాణం తీపి ఉండదా?

ఇంటర్ ఫలితాలొచ్చే రోజుల్లో నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఏ టీకొట్టు దగ్గరైనా వినపడే మాటే. "నాలుగు మార్కులకు ప్రాణం తీసుకోవడమేందబ్బా? వాళ్లకు బతుకు మీద తీపి లేదా?" 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఫలితాల గందరగోళం తర్వాత ఇరవై మందికి పైగా ఇంటర్ పిల్లలు అలా పోయారు. 2022లో దేశమంతటా 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క తేల్చింది.

తీపి ఉంటుంది. కాకపోతే ప్రాణం కాపాడుకోవడంలో రెండు పనులున్నాయి. పాము కనబడగానే వెనక్కి దూకడం ఒకటి. దాన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. "ఈ బాధ ఇప్పుడుంది, రెండు నెలలకు ఇట్లా ఉండదు" అని లెక్క వేసుకోవడం రెండోది. ఆ లెక్క వేసే భాగమే మెదడులో అన్నిటికన్నా ఆలస్యంగా పండుతుంది.

ఎప్పటికి పండుతుంది?

భయం, సిగ్గు, నలుగురి మెప్పు కోసం తహతహ, వీటిని నడిపే లోపలి భాగాలు ఈడొచ్చే వయసుకే జోరందుకుంటాయి. నుదుటి వెనకున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్, అంటే ఆగి ఆలోచించే భాగం, పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. కరెంటు తీగకు తొడుగు ఉన్నట్టు నరాల పోగులకు మైలిన్ అనే కొవ్వు పొర పడుతుంది. దాంతో కబురు వేగంగా పోతుంది. నుదుటి వెనక ఆ పని పూర్తయ్యేది చివర్లోనే. అమెరికాలో జే గీడ్ బృందం అదే పిల్లలకు ఏళ్ల తరబడి ఎమ్మారై తీసి, మెదడు ఎదుగుదల బాల్యంతోనే ఆగిపోదని 1999లో చూపించింది.

అట్లాగని పదహారేళ్లవాళ్లకు బుద్ధి లేదనడం తప్పు. మనసు నిమ్మళంగా ఉన్నప్పుడు వాళ్ల తర్కం పెద్దవాళ్లకు దాదాపు సమానమే. అవమానం తగిలినప్పుడు, పదిమంది చూస్తున్నప్పుడు మాత్రం తేడా బయటపడుతుంది. ఫలితాల రోజు ఆ రెండూ ఒక్కసారే వచ్చిపడతాయి. చేతిలోని ఫోన్‌లో మార్కులు, మేనత్త నుంచి ఫోను, పక్కింటి పిల్లతో పోలిక. ఆ మర్నాడే పత్రిక నిండా ప్రకటనల్లో ర్యాంకర్ల ఫొటోలు. ఆ ప్రకటనలకు డబ్బు కట్టేవాళ్లు తప్పినవాళ్ల ఇళ్లను తలుచుకుంటారని నాకు నమ్మకం లేదు.

అయితే తప్పంతా మెదడుదేనా?

కాదు. ఏ దేశపు పిల్లల మెదడైనా ఇదే తీరున ఎదుగుతుంది, మరణాలు మాత్రం అన్నిచోట్లా ఒకేలా లేవు. పైగా మెదడు పూర్తిగా పండిన డెబ్బై దాటినవాళ్లలోనే చాలా దేశాల్లో ఈ ముప్పు ఎక్కువ. వాళ్లను అటు తోసేది తరచు జబ్బు, ఒంటరితనం. పిల్లల్లోనూ ఎవరూ గుర్తించని డిప్రెషన్, ఇంట్లో గొడవలు, హాస్టల్ ఒంటరితనం ముందునుంచే ఉండొచ్చు. మార్కులు కేవలం ఆఖరి దెబ్బ కావొచ్చు.

మరి ఎట్లా ఆపడం?

చాలామందిలో ఆ ఉధృతి ఎక్కువసేపు నిలవదు. ఆ పూట గడిస్తే తగ్గుతుంది. ప్రయత్నించి బతికినవాళ్లలో అత్యధికులు తర్వాత ఆ దారిన పోరు. అందుకే ఆ పూట ప్రమాదకరమైనదేదీ చేతికి అందకుండా చూడటం పెద్ద పని. శ్రీలంక విషతీవ్రత ఎక్కువున్న పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ పోయింది. 1995 తర్వాత ఇరవై ఏళ్లలో అక్కడ ఆత్మహత్యల రేటు 70 శాతం దాకా పడిపోయింది. ఉదయగిరి మెట్టలోనైనా, సోమశిల జలాశయం కింది వరిమళ్ల ఊళ్లలోనైనా మిగిలిన పురుగుమందు ఇంట్లో పెట్టకండి. తప్పనప్పుడు తాళం వేసి, తాళంచెవి పెద్దవాళ్ల దగ్గరే ఉంచుకోండి.

రెండోది, అడగడం. "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టదు. లోపల ఉన్నదైతే బయటికొస్తుంది. అవునంటే తిట్టొద్దు, ఒట్టు వేయించుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు. ఆ రాత్రి పక్కనే పడుకోండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ప్రమాదం ముంచుకొచ్చిందనిపిస్తే 108. సప్లిమెంటరీ పరీక్ష ఫీజు సంగతి మర్నాడు మాట్లాడుకోవచ్చు.