ఇంటిపేరు చెప్పే కథ

పాఠశాల హాజరుపట్టీలో మన పేరు ముందు ఒక పొడి అక్షరం ఉంటుంది. తమిళనాడులో అది సాధారణంగా తండ్రి పేరులోని మొదటి అక్షరం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో అయితే అది ఇంటిపేరును తెలుపుతుంది. మరి కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల తెలుగువారికి ఇంటిపేర్లు లేవా? ఉన్నాయి. కాగితంపై కనిపించకపోయినా, పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు అవి బయటికి వస్తాయి. ఒకే ఇంటిపేరు గలవారిని దాయాదులుగా భావించి, వారితో వియ్యమందరు.

ఇంటిపేర్లు ఎలా ఏర్పడ్డాయి? చాలా వరకు ఊళ్ల పేర్లే ఇంటిపేర్లయ్యాయి. వేమూరు నుండి వచ్చినవారు ‘వేమూరి’ వారు. త్యాగరాజస్వామి 1767లో తిరువారూరులో జన్మించాడు. ఆయన ఇంటిపేరు కాకర్ల. అది ఆంధ్రదేశంలోని ఒక ఊరి పేరు. ఆయన పూర్వికుల ఊరిని ఆ ఒక్క మాటే మనకు తెలుపుతున్నది. కరణం, పూజారి వంటివి వృత్తిని బట్టి వచ్చాయి. గోపినేని, రామినేని వంటివి పూర్వికుల పేర్లను నిలిపాయి. వాటి చివరి ‘నేని’కి నాయకుడని అర్థం.

ఇతర దేశాలలోనూ ఇలాంటి కథలున్నాయి. యూదులలో ‘కోహెన్’ అంటే పురోహితుడు. అయితే ఆస్ట్రియాలోని యూదులు స్థిరమైన ఇంటిపేర్లు పెట్టుకోవాలని 1787లో జోసెఫ్ చక్రవర్తి ఆజ్ఞాపించాడు. అక్కడ ప్రభుత్వం పేర్లు పెట్టించింది. ఇక్కడ మన పేర్లు పట్టీలలో చోటు లేక మరుగున పడుతున్నాయి.

నోరు మారితే పేరూ మారుతుంది. 1799లో కయత్తారులో ఆంగ్లేయులు ఉరితీసిన వీరుని వంశనామం ‘గెట్టిబొమ్ము’ అనీ, అదే తమిళంలో ‘కట్టబొమ్మన్’ అయిందనీ చెబుతారు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన ప్రసిద్ధ తమిళ రచయిత కి. రాజనారాయణన్ మాతృభాష తెలుగు. ఆయన పూర్తి పేరు ‘రాయంగల’ అనే మాటతో మొదలవుతుంది. లోకం ఎరిగిన పేరులో ఆ మాట లేదు.

రాయని పేరు పెద్దల నోట ఉన్నంతకాలమే బ్రతుకుతుంది. ఈ రోజే మీ అవ్వనో తాతనో అడగండి. మీ ఇంటిపేరును తెలుగులో రాసి, దాని అర్థం తెలుసుకోండి.