మేళ్లచెరువు పిన్‌కోడ్‌కి తల్లి సంఖ్య ఉందా?

కోడింగ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి ల్యాబ్‌లో ఇచ్చే లెక్కలు ఎక్కడైనా దాదాపు ఇవే: 121 పాలిండ్రోమా, 153 ఆర్మ్‌స్ట్రాంగ్ సంఖ్యా? జవాబులు సీనియర్ల రికార్డు బుక్కుల్లో ఎటూ ఉంటాయి కాబట్టి ఎవరూ బుర్ర పెట్టరు. అదే కోవలో ఇంకో లెక్క ఉంది. అది మాత్రం కాస్త ఆలోచింపజేస్తుంది.

ఒక సంఖ్యకి దాని అంకెల్నే కలపండి. 15కి 1, 5 కలిపితే 21. అంటే 21కి తల్లి సంఖ్య 15. మరి 20కి తల్లి ఏది? ఎంత వెతికినా దొరకదు. ఇలా తల్లి లేని సంఖ్యల్ని పట్టుకున్నది డి.ఆర్. కాప్రేకర్ (1905–1986). నాసిక్ దగ్గర దేవళాలీలో బడిపంతులు. 6174 అనే సంఖ్య ఆయన పేరుతోనే ప్రసిద్ధి. ఈ తల్లిలేని సంఖ్యల్ని సెల్ఫ్ నంబర్లంటారు. మనం స్వయంభూ సంఖ్యలందాం. మేళ్లచెరువులో కొలువైనది స్వయంభూ శంభులింగేశ్వరస్వామి కాబట్టి, పరీక్షకి ఆ ఊరి పిన్‌కోడే తీసుకుందాం: 508246.

అంకెల్ని ఎలా విడదీయాలి?

పదితో భాగిస్తే వచ్చే శేషం చివరి అంకె: 6. దాన్ని మొత్తానికి కలిపి, భాగఫలాన్ని మళ్లీ పదితో భాగించాలి. సున్నా వచ్చేదాకా ఇదే పని. పైథాన్‌లో భాగహారానికి రెండు స్లాష్‌లు పెట్టాలి; ఒక్కటే పెడితే 50824.6 వచ్చి, దశాంశాలు దొర్లి మొత్తం తప్పుతుంది. కొత్త సంఖ్య మొదలైన ప్రతిసారీ మొత్తాన్ని సున్నా చేయడం మరవకూడదు. లేకపోతే పాత సంఖ్య అంకెలు కూడా కొత్తదాని ఖాతాలో పడతాయి. (ఇన్‌పుట్‌లో ౫౦౮౨౪౬ అని తెలుగు అంకెలు కొట్టినా పైథాన్ సంఖ్యగా మార్చుకుంటుంది. సరదాకి చేసి చూడండి.)

ఒకటి నుంచీ వెతకాలా?

అక్కర్లేదు. ఆరంకెల సంఖ్యలో అంకెల మొత్తం ఎంత పెరిగినా 54 దాటదు. అందుకని తల్లి ఉంటే గింటే 508192కీ 508245కీ మధ్యనే ఉండాలి. అయిదు లక్షల చిల్లర వెతుకులాట 54 సంఖ్యలకి దిగింది. రేంజ్‌లో చివరి సంఖ్యగా 508246 రాయాలి, ఎందుకంటే పైథాన్ ఆ చివరిదాన్ని లెక్కలోకి తీసుకోదు.

ఇంకా తగ్గించవచ్చు. ఏ సంఖ్యని తొమ్మిదితో భాగించినా, దాని అంకెల మొత్తాన్ని భాగించినా శేషం ఒకటే. కాబట్టి తల్లికి దాని అంకెలు కలపడమంటే, తొమ్మిది శేషాల లెక్కలో తల్లిని రెట్టింపు చేయడమే. 508246కి శేషం 7. రెట్టింపు చేస్తే 7 శేషం రావాలంటే తల్లి శేషం 8 కావాలి. అలాంటివి మన 54లో ఆరే ఉన్నాయి, చేత్తోనే చూసేయొచ్చు. 508193, 508202 రెండూ 508219 దగ్గరికే చేరతాయి. 508211 నుంచి 508228. 508220 నుంచి 508237. ఆ తర్వాతి 508229 ఒక్క గెంతులో 508255కి పోయింది, 508238 అయితే 508264కి. 237 నుంచి 255కి దూకడంలో 246 మధ్యలో మిగిలిపోయింది. మేళ్లచెరువు పిన్‌కోడ్ స్వయంభువే.

అసలు పొరపాటు ఎక్కడ జరుగుతుంది?

లూప్ లోపల. ‘సరిపోతే తల్లి దొరికింది, లేకపోతే స్వయంభువు’ అని అక్కడే రాసేస్తారు. అప్పుడు సూర్యాపేట 508213 ఇచ్చినా స్క్రీన్ నిండా ‘స్వయంభువు, స్వయంభువు’ అని పడి, మధ్యలో ఎక్కడో ఒకచోట తల్లి 508190 కనిపిస్తుంది. ‘ఉంది’ అనడానికి ఒక్కటి దొరికితే చాలు. ‘లేదు’ అనాలంటే 54నీ చూసి ముగించాలి. అందుకని ముందే ‘దొరకలేదు’ అని ఒక గుర్తు పెట్టుకుని, లోపల దొరికితే దాన్ని మార్చి, తీర్పు లూప్ బయటికొచ్చాకే చెప్పాలి. సింటాక్స్ తప్పు మిషనే పట్టేస్తుంది. ఈ తప్పుని పట్టదు. ప్రధాన సంఖ్యల ప్రోగ్రాంలోనూ సగం మంది ఇక్కడే జారతారు.

చుట్టుపక్కల ఊళ్లు కూడా చూద్దాం. కోదాడ 508206కి తల్లి 508182. మిర్యాలగూడ 508207కి 508178. సూర్యాపేట సంగతి పైన చూశాం. 2016లో సూర్యాపేట వేరే జిల్లా అయినా, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉన్నా, పోస్టాఫీసు దృష్టిలో అన్నీ ఇంకా 508 కిందివే. వీటిలో స్వయంభువు మేళ్లచెరువు ఒక్కటే.

మరి ఇది మహిమా? స్వామివారి మహిమకి ఈ లెక్క అవసరం లేదు. సంఖ్యల్లో సుమారు పదింట ఒకటి స్వయంభువే, తపాలా శాఖ ఈ సంఖ్య ఇచ్చినప్పుడు కాప్రేకర్‌ని తలచుకునీ ఉండదు.

మీ ఊరి పిన్‌కోడ్ పెట్టి చూడాలని చెయ్యి లాగుతోందా? ఒక్క నిమిషం ఆగండి. ముందు జవాబు తెలిసిన సంఖ్యలివ్వండి. 20కి ‘స్వయంభువు’ అనాలి, 21కి 15 చూపించాలి. 101కి 91, 100 రెండూ రావాలి. ఒక్కటే వస్తే మొదటి తల్లి దగ్గరే బ్రేక్ పడిందన్నమాట. ఈ మూడూ సరిగ్గా వచ్చాకే మీ పిన్‌కోడ్ కొట్టండి.